ఎడమవైపు గీత

ఆ పుస్తకం నా టేబుల్ మీదకి వచ్చిన రోజు నిజంగా సంతోషించాను. అప్పటికి మూడు నెలలుగా ఓడల్లో వచ్చిన సరుకుల జాబితాలు చదివి చదివి కళ్ళు మసకబారిపోయి ఉన్నాయి. మేకులు, గోనెసంచులు, మిరియాలు, మళ్ళీ మేకులు. వాటి తర్వాత ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుస్తకం అంటే పండగే.

నేను పనిచేసేది సింగపూర్‌లో, పాయా లేబర్ అనే పేటలో ఒక చిన్న ఆఫీసులో. పాత కాగితాలు స్కాన్ చేస్తాం, చేతిరాతని చదివి టైపు చేస్తాం, ప్రదర్శనలు పెట్టేవాళ్ళకి గోడమీది రాతలు రాసిస్తాం. ఉన్న తొమ్మిదిమందిలో నేనే పెద్దదాన్ని. మా మేనేజరు చైనీస్ అమ్మాయి, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. పుస్తకాన్ని మెత్తటి గుడ్డలో తెచ్చి పెట్టి, "ఆంటీ, ఇది మీకే. ఈ గీతలు ఇంకెవరూ చదవలేరు లాహ్" అంది, ఇక్కడివాళ్ళ ఊతపదంతో. పెళ్ళికి ముందు నేను మలేషియాలో ఒక లాయరు దగ్గర గుమాస్తాగా ఉండేదాన్ని. పాత దస్తావేజుల వంకర రాతలు చదవడం అక్కడే అలవాటయింది.

విక్టోరియా రాణి ఇంకా బతికున్న కాలంలో ఈ ఊళ్ళో కొందరు తెల్ల కుర్రాళ్ళు, బ్యాంకుల్లోనూ వర్తక కంపెనీల్లోనూ గుమాస్తాలు, సరదాకి పెట్టుకున్న క్లబ్బు అది. రెండో సీజను పూర్తికాకుండానే మూతపడింది. ఆ పుస్తకం వాళ్ళ మీటింగుల పుస్తకం. రాసింది క్లబ్బు సెక్రటరీ. అతని వంశంవాళ్ళే ఇంగ్లండు నుంచి పంపారు, వెంట ఒక ఉత్తరం కూడా పెట్టారు. ఎండకి తట్టుకోలేకా, ఆటగాళ్ళకి బదిలీలవడంవల్లా క్లబ్బు ఆగిపోయిందని మా ఇంట్లో చెప్పుకుంటాం అని అందులో ఉంది. పాత ఆటల మీద ఒక గ్యాలరీలో ప్రదర్శన పెడుతున్నారు. దానికి క్లబ్బు చరిత్ర పొట్టిగా రాసివ్వాలి. అదీ నా పని.

మొదటి వారమంతా నవ్వుకుంటూనే చదివాను. వాళ్ళు కుట్టించుకున్న నీలం చొక్కాల రంగు తొలి వానకే దిగిపోయి అందరి మెడలూ నీలంగా మారాయట. ఎదుటి జట్టువాళ్ళు, కోటలో ఉండే సిపాయిలు, అది చూసి పడీపడీ నవ్వారట. కెప్టెన్‌కి మూడుసార్లు చలిజ్వరం వచ్చింది. ఈ ఎండలో అంతసేపు పరిగెత్తలేం, ఆట సమయం తగ్గించండి అని ఒకడు అంటే, అలా తగ్గిస్తే ఇంగ్లండులో పరువు పోతుందని ఇంకొకడు. దానిమీద రెండు మీటింగులు. మైదానం గీతలమీద కూడా ఫిర్యాదులుండేవి. సున్నంతో వేసిన గీతలు పాముల్లా మెలికలు తిరుగుతున్నాయని మొదటి సీజన్‌లో రెండుసార్లు రాశారు. రెండో సీజన్‌లో కొత్త కూలీ వచ్చాక గీతలు స్కేలు పెట్టి కొట్టినట్టు ఉన్నాయని ఒక మెచ్చుకోలు. ఆ వాక్యం టైపు చేసేసి ముందుకెళ్ళిపోయాను.

సాయంత్రం ఇంటికెళ్ళి ఇవన్నీ మా నాయనకి చెప్పేదాన్ని. వుడ్‌ల్యాండ్స్‌లో మా ఫ్లాట్‌లో ఉండేది మేమిద్దరమే. నాయనకి ఎనభైనాలుగు. మలేషియాలోని పేరాక్‌లో రబ్బరు తోటలో పుట్టి పెరిగినవాడు. విశాఖపట్నం వైపునుంచి తాతలు తెచ్చుకున్న మాట ఇంకా అలాగే ఉంది నోట్లో. వయసులో ఉన్నప్పుడు తోట జట్టుకి ఎడమవైపు ఆడేవాడు. మోకాలు పాడయింది కానీ, ఆ ఆట సంగతి వస్తే ఇప్పటికీ కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు.

సిపాయిలమీద వాళ్ళు గెలిచిన మ్యాచ్ గురించి నేను చెప్పిన సాయంత్రం నాయన ఎంత మురిసిపోయాడో! ఆ మ్యాచ్ గురించి సెక్రటరీ రెండు పేజీలు రాశాడు. మిగతావన్నీ రెండేసి లైన్లే. మధ్యాహ్నం పెద్ద గాలివాన, ఉరుములు. అయిదింటికి తెరిపిచ్చింది. అప్పటిదాకా సిపాయిల చేతిలో ఎప్పుడూ ఓడిపోవడమే. చివరి నిమిషాల్లో ఒక కుర్రాడు ఎడమ పక్కనుంచి బంతిని తీసుకుపోయాడు. బంతి గీత దాటిపోయిందని సిపాయిలు చేతులెత్తి నిలబడిపోయారు. రిఫరీ వచ్చి చూస్తే అక్కడ గీతే లేదు. లేని గీతని బంతి ఎలా దాటుతుందన్నాడు. ఈలోపు గోలు పడిపోయింది. వాన మా పక్షాన ఉండి ఎడమవైపు గీతని తుడిచిపెట్టేసింది అని సెక్రటరీ చమత్కారంగా రాశాడు.

"దొంగనాయాళ్ళు!" అని నాయన తొడమీద చరుచుకున్నాడు. "గీత లేదని గోలు ఇచ్చీసినాడా! ఆ ఆడినోడు మాత్రం మొనగాడే అమ్మీ. ఎడమ పక్క పరిగెత్తడం అందరికీ రాదు."

ఇద్దరం అన్నం తింటూ నవ్వుకున్నాం. నేను కూడా నవ్వాను. అది రాయకుండా ఉండలేను.

మూడు రోజుల తర్వాత, ఆ మ్యాచ్ అయ్యాక జరిగిన కమిటీ మీటింగు పేజీకి వచ్చాను. వరసగా అంశాలు. కెప్టెన్ ఆరోగ్యం. తర్వాత మైదానం. మైదానం కింద రాసింది ఒకే వాక్యం. గీతలు వేస్తున్న కూలీ పిడుగుపడి చనిపోయిన కారణంగా ఎడమవైపు గీత పూర్తికాలేదని, దానివల్ల ఎదుటి జట్టు పెట్టిన అభ్యంతరం చెల్లదని కమిటీ తీర్మానించింది. తర్వాతి అంశం చొక్కాల రంగు. నీలం బదులు గోధుమరంగు అయితే ఎలా ఉంటుందని.

కూలీ అన్నచోట ఈ ఊళ్ళో ఆ రోజుల్లో మనదేశం మనుషులందరినీ కలిపి పిలిచే మాట వాడారు. ఇప్పుడది తిట్టు. పేరు లేదు.

తప్పు చదివానేమో అనుకున్నాను. పాత రాతలో ఒక్కోసారి అలా అవుతుంది. భూతద్దం తెచ్చుకుని ఒక్కో అక్షరం చూశాను. తప్పేం లేదు. సెక్రటరీ రాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. ఆ వాక్యం దగ్గర చెయ్యి వణికిన గుర్తు కూడా లేదు. నేను మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చదివాను. మధ్యాహ్నం అందరితో కలిసి కింద తిండికొట్లుండే హాకర్ సెంటర్‌కి వెళ్ళాను కానీ, తెచ్చుకున్న నూడిల్సు అలాగే వదిలేశాను. "ఒంట్లో బాలేదా ఆంటీ?" అని మేనేజరు అడిగింది. వందేళ్ళకి ముందెప్పుడో ఎవరో పోయారు, అందుకని తినబుద్ధి కావట్లేదని ఎలా చెప్పడం?

సాయంత్రం నాయనకి చెప్పాను. చావు సంగతి మాత్రమే చెప్పాను. గీత వేస్తూ ఉండగా పిడుగు పడిందని, ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారని.

నాయన చారులో గరిటె తిప్పుతూ, "ఏ పక్క గీత?" అన్నాడు.

"ఏంటి?"

"ఏ పక్క గీత ఏస్తంటే పోయాడని?"

"ఎడమ పక్క" అన్నాను.

నాయన గరిటె వదిలేశాడు. "మొన్న నువ్వు సెప్పిన గోలు..."

"వాన తుడిచేసిందని రాశాడు నాయనా."

"తుడిసీడానికి ఏస్తే కదమ్మా" అన్నాడు.

ఆశ్చర్యమేమిటంటే, నేను రెండూ చదివాను. నా చేత్తో రెండూ టైపు చేశాను. ఆ ఒక్క వాక్యంలో ఎడమవైపు అని ఉంది, అభ్యంతరం అని ఉంది. చావు చూసి అదిరిపోయి మిగతాది కళ్ళలో పడలేదు. మోకాలినొప్పితో కుర్చీలో కూర్చునే ముసలాయనకి ఒక్కసారి వింటే అర్థమైంది.

మర్నాడు మామూలుకంటే ముందు రైలెక్కి ఆఫీసుకి వెళ్ళి తారీకులు సరిచూశాను. అదే రోజు. మధ్యాహ్నం మనిషి పోయాడు, అయిదింటికి అదే గడ్డిమీద ఆడారు. గీత ఎక్కడ ఆగిందో అక్కడినుంచే ఆ కుర్రాడు బంతి తీసుకుపోయాడు. ఆ రాత్రో మర్నాడో కూర్చుని సెక్రటరీ రెండు పేజీలు రాశాడు. వానే తుడిచిందని రాశాడు. మీటింగులో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాల్సి వచ్చింది, ఎందుకంటే సిపాయిలు అభ్యంతరం పెట్టారు. వాళ్ళు పెట్టకపోతే ఆ మనిషి పోయినట్టు ఆ పుస్తకంలో ఎక్కడా ఉండేది కాదు.

మేనేజరుని పిలిచి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టాను. ఆమె నిలబడే చదివింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చదివింది. "నేను ఆ మ్యాచ్ పేజీ పెద్దది చేసి గోడకి పెడదామనుకున్నాను" అంది.

నాయన ఆ సాయంత్రం తలుపు తీస్తూనే అడిగాడు: "ఆ తర్వాత గీతలెవులేసారు?"

చూడలేదన్నాను. చూడమన్నాడు. ఆ వారమంతా నాయన అడిగిన ప్రశ్నకి జవాబు కోసమే చదివినట్టు చదివాను.

తర్వాతి శనివారం మైదానం సిద్ధం కాలేదు. కూలీలు రాలేదని ఉంది. కంగాణిని, అంటే కూలీలని తెచ్చే పెద్దని, పిలిచి అడిగితే మనుషులు దొరకడంలేదన్నాడట. ఆ పై వారం ఎవరినో ఒకడిని పంపాడు. వాడు మధ్యాహ్నందాకా ఉండి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అప్పుడు సభ్యులే గీతలు వేద్దామని దిగారు. సున్నం ఎలా కలపాలో తెలియక ఇద్దరి చేతులు పొక్కిపోయాయి. గీతలు లేని మైదానంలో మేం ఆడమని సిపాయిలు కబురు పంపారు. మీటింగులకి వచ్చేవాళ్ళు తగ్గారు. చివరి పేజీలో ముగ్గురి సంతకాలే ఉన్నాయి. బంతిని ఇంకో క్లబ్బుకి ఇచ్చేద్దామని, క్లబ్బు మూసేద్దామని రాశారు. ఎండ మాట లేదు, బదిలీల మాట లేదు. ఎందుకు కూలీలు రావడంలేదని ఒక్క మీటింగులో కూడా ఒక్కరూ అడిగినట్టు లేదు.

ఇది చెప్తుంటే నాయన తల ఊపుతూ విన్నాడు. "రారు. ఎందుకొస్తారు?" అన్నాడు.

"మరి మీ తోటలో ఎవరు వేసేవారు నాయనా, గీతలు?"

నేను మామూలుగానే అడిగాను. నాయన చెప్పబోయి ఆగిపోయాడు. కళ్ళు చిట్లించి గోడవైపు చూశాడు. పదేళ్ళు ఆడాడు ఆ పడాంగ్‌లో, ఆ తోట మైదానంలో. దొర ఎక్కడ కూర్చునేవాడో తెలుసు, ఏ వేపు వాలుగా ఉండేదో తెలుసు, ఏ మూల నీళ్ళు నిలిచేవో తెలుసు. గీతలు ఎవరు వేశారో తెలీదు.

"ఉండేవమ్మా, గీతలు. మేం ఎల్లేసరికి ఉండేవి" అన్నాడు. ఆయన మొహం నేను అలా ఎప్పుడూ చూడలేదు. ఎవరో చెంపమీద కొట్టినట్టు ఉంది.

మర్నాడు ఇపో ఊళ్ళో ఉన్న తన పాత స్నేహితుడికి ఫోన్ చేశాడు, ఆయనా ఆ జట్టువాడే. ఆయనకీ గుర్తులేదు. ఇద్దరూ ఫోన్లో చాలాసేపు ఒకరినొకరు కసురుకున్నారు. నాలుగు రోజుల తర్వాత ఆ స్నేహితుడే ఫోన్ చేశాడు, తన అక్కగారిని అడిగానని. గీతలు వేసింది ఆడవాళ్ళట. పొద్దున్నే రబ్బరు పాలు తీయడానికి వెళ్ళేముందు, ఇద్దరు ముగ్గురు కలిసి. అందులో నాయన మేనత్త ఒకరు. ఫోన్ పెట్టేసి నాయన నాతో చెప్పాడు. ఆ పూట టీవీ పెట్టలేదు.

నేను శనివారాలు లైబ్రరీకి వెళ్ళి పాత పేపర్లు వెతికాను. ఆ చావు గురించి మూడు లైన్లు దొరికాయి. అందులోనూ పేరు లేదు. కానీ పుస్తకంలో లేని ఒక సంగతి ఉంది. అతని పక్కనే సున్నం తొట్టి మోస్తూ ఇంకో మనిషి ఉన్నాడు. అతను ఎగిరి పడ్డాడు కానీ బతికాడు. అంటే చూసినవాడు ఒకడున్నాడు. కూలీలు ఉండే చోటికి నడిచి వెళ్ళి, జరిగింది చెప్పగలిగినవాడు. ఆ సాయంత్రం అక్కడినుంచి ఆట చప్పుడు కూడా విని ఉంటాడేమో, నాకు తెలీదు.

గోడమీది రాతలో ఇదంతా రాశాను. కూలీలు పని మానేయడంవల్ల క్లబ్బు మూతపడిందని రాశాను. మేనేజరు ఆ వాక్యం దగ్గర వేలు పెట్టింది.

"ఆంటీ, పుస్తకంలో అలా లేదు."

"అన్నీ చదివితే అదే కదా?"

"నాకూ అదే అనిపిస్తోంది. కానీ పుస్తకంలో లేదు. ఆ సెక్రటరీ రాసినట్టు మనం రాయకూడదు కదా, మనకి కావలసినట్టు."

నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చాక ఆ అమ్మాయి అన్నది సరైనదే అనిపించింది. మర్నాడు ఇద్దరం కూర్చుని, జరిగినవి జరిగిన వరసలో పెట్టాం. పిడుగు. అదే రోజు ఆట. గోలు. కూలీలు రాకపోవడం. మూత. ఎందుకంటే అన్న మాట ఎక్కడా వాడలేదు. గ్యాలరీవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ఇది ఆటల ప్రదర్శన, పిల్లలు వస్తారన్నారు. మా మేనేజరు మూడుసార్లు వెళ్ళి మాట్లాడింది. చివరికి అక్షరం మార్చకుండా పెట్టారు, మూల గోడకి.

ప్రారంభం రోజు నాయనని తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ గోడ ముందు నిలబడితే నేను మెల్లగా తెలుగులో చెప్పాను. విని, అక్కడున్న బెంచీమీద కూర్చున్నాడు.

అప్పుడొచ్చాడు ఒక పొడుగాటి తెల్లాయన, అరవై దాటి ఉంటాయి. ఆ సెక్రటరీ మునిమనవడు, ఇంగ్లండు నుంచి ఇందుకోసమే వచ్చాడు. నవ్వుతూ వచ్చి చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ ఆయన నవ్వు పోయింది. మళ్ళీ మొదటినుంచి చదివాడు. చుట్టూ చూసి, ఎవరు రాశారని అడిగాడు. నేనే అన్నాను. తిడతాడనే అనుకున్నాను.

"ఆ మ్యాచ్ పేజీలు మా అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ చదివేది" అన్నాడు ఇంగ్లీషులో. "వాన గీతని తుడిచేసిందన్న చోట పిల్లలమంతా కలిసి అరిచేవాళ్ళం. ఆ వాక్యం అందరికీ నోటికొచ్చు. పుస్తకం మా ఇంట్లోనే ఉండేది. తర్వాత పేజీలు ఎవరూ తిప్పలేదు."

ఆయన చెయ్యి గోడకి ఆనించి నిలబడ్డాడు.

"ఎవులమ్మా ఆయన?" అని నాయన బెంచీమీంచి అడిగాడు. చెప్పాను.

"మరి నిలబెట్టీసావేటి? కూసోమను" అని పక్కకి జరిగాడు.

ఆయన కూర్చున్నాడు. కాసేపటికి నన్ను అడిగాడు, ఆ పోయిన మనిషి పేరేమిటని. ఎక్కడా లేదన్నాను. మళ్ళీ అడిగాడు: "అతని ఇంటికి కబురు పంపారా?"

ఇన్ని వారాలు చదివాం, వాదించుకున్నాం, తారీకులు చూశాం. నేను అడగలేదు. మేనేజరు అడగలేదు. అన్నీ అడిగిన మా నాయన కూడా అది అడగలేదు. ఆయనకి తెలుగులో చెప్తే కర్రని రెండు చేతులా పట్టుకుని, "అవును. ఇంటికాడ ఎవులున్నారో" అన్నాడు. తెల్లాయనకి ఆ మాట అర్థంకాకపోయినా తల ఊపాడు.

ప్రదర్శన రెండు నెలలు నడిచి ముగిసింది. పుస్తకం తిరిగి తీసుకెళ్ళనని, ఇక్కడే ఉండనివ్వండని ఆయన రాసిచ్చాడు. అప్పుడప్పుడు నాకు మెయిల్ పెడతాడు, ఏమైనా దొరికిందా అని. చచ్చిపోయినవాళ్ళ రిజిస్టర్లు కొన్ని చూశాను. ఆ నెలలో పిడుగుపాటని ఒకచోట ఉంది. పేరు రాసే గడిలో ఒక చిన్న అడ్డగీత. ఊరు రాసే గడిలో ఏదో రాశారు కానీ, అక్కడ కాగితాన్ని పురుగు తినేసింది. చివరి అక్షరాలు మిగిలాయి, పట్నం అని. విశాఖపట్నమా, నాగపట్నమా, మచిలీపట్నమా చెప్పలేను. మనవాడో, అరవవాడో తెలీదు. ఆ సంగతే ఇంగ్లండుకి రాశాను, నాయనకీ చెప్పాను.